ఎర్రయ్య వెంట్రుకవాసి

బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డులో, ఇనప కడ్డీని గిరగిరా తిప్పి కత్తితో చెక్కే మూడో నంబరు లేతు మీద ముప్పై ఏళ్లు పనిచేసిన ఎర్రయ్యకు ఒక వింత అలవాటు ఉండేది. విశ్వకర్మ పూజ నాడు అందరూ మిషను నెత్తిన బొట్టు పెడితే, ఆయన మాత్రం కత్తి అటూ ఇటూ జరిగే కింది ఇనప బల్ల మీద, ఎడమ కొసకు జానెడు దూరంలో పెట్టేవాడు. పూజ నాడే కాదు, చెరిగిపోయినప్పుడల్లా పెట్టేవాడు. టెక్కలి నుంచి ఖలాసీగా వచ్చి, అక్షరం ముక్క రాకుండానే లేతు నడిపే టర్నరైన మనిషి. పాపం, భక్తి కాస్త ఎక్కువ కాబోలని షెడ్డంతా అనుకుంది.

1938లో ఆయన రిటైరయ్యాక ఆ లేతు ఆదినారాయణ చేతికొచ్చింది. ఇతను ఖరగ్‌పూర్‌లో పని నేర్చినవాడు. సన్నటి మందాలు కొలిచే మైక్రోమీటరు ఒకటి సొంతంగా కొనుక్కుని, మెత్తటి గుడ్డలో చుట్టి, చంటిపిల్లలా చూసుకునేవాడు. మొదటిరోజే కిరసనాయిలు గుడ్డతో ఆ బొట్టు తుడిచేసి, "ఇది మిషనా, గుడా?" అని నలుగురిలో నవ్వాడు. ఎర్రయ్య అప్పుడు గుమ్మంలోనే ఉన్నాడు, అందరికీ చెప్పి వెళ్దామని వచ్చి. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత మొదలైంది ఆదినారాయణ అవస్థ. ఇంజను పిస్టను రాడ్డు తిప్పితే ఎడమ కొస లావుగా వచ్చింది. సరిచేయబోతే మిగతాది సన్నబడింది. రెండోదీ అంతే. రెండూ తుక్కులో పడ్డాయి. "ఇంకొకటి పాడుచేస్తే లేతు దిగి బొగ్గు ఎత్తే గ్యాంగులోకి పో" అన్నాడు ఫోర్‌మన్.

భయం సంగతి అలా ఉంచి, అతన్ని ఒక ప్రశ్న కుదురుగా కూర్చోనివ్వలేదు. అదే లేతు, అవే రాడ్లు. అంకెలు రాని ముసలాయనకు ముప్పై ఏళ్లు సమంగా ఎలా వచ్చాయి?

ఆదివారం సిగ్గు చంపుకుని తఖత్‌పూర్ రోడ్డులో ఎర్రయ్య ఉండే అద్దె ఇంటికి వెళ్లాడు. ఎర్రయ్య అరుగు మీద కూర్చుని అడకత్తెర సానబడుతున్నాడు.

"ఏటి అల్లుడా, దారి తప్పినావా?" అని వరస కలిపాడు.

"ఆవేళ నోరు జారీసినాను మావా, తప్పు నాదే. మూడో నంబరు మీద నీకు రాడ్డు సమంగా ఎలాగొచ్చీది?"

"బొట్టు తుడిసీసినావు గదా."

"దేవుడికి కోపమొచ్చిందంటావా?"

ఎర్రయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు. "దేవుడికేటి పని? ఆ కాడ్నించి బల్ల అరిగిపోనాది. అక్కడికొచ్చేసరికి కత్తి ఎనక్కి తగ్గుతాది. బొట్టు కాడ ఎంట్రుకవాసి లోనకియ్యాల. అదీ సంగతి."

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ సెప్పలేదేటి?"

"ఎవుడడిగినాడు?" అన్నాడు ఎర్రయ్య. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆదినారాయణకు ఎక్కువ గుచ్చుకుంది.

సోమవారం పొద్దున్నే లేతుకు బొట్టు పెట్టాడు. వెంట్రుకవాసి అంటే ఎంతో తేల్చుకోవాలి కదా! తన తల వెంట్రుక ఒకటి పీకి కొలిస్తే మూడున్నర థౌ వచ్చింది. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక థౌ. కొత్త రాడ్డు జోలికి పోకుండా తుక్కు రాడ్డొకటి బిగించి, బొట్టు దగ్గర కత్తిని మూడున్నర లోపలికిచ్చాడు. ఈసారి ఎడమ కొస సన్నబడింది. తల గోక్కుంటూ నిలబడ్డాడు. గోక్కుంటుండగానే వెలిగింది. ముసలాయన ఎవరి వెంట్రుక సంగతి చెప్పాడు?

డ్యూటీ దిగగానే మైక్రోమీటరు పట్టుకుని పరిగెత్తాడు. "మావా, నీ ఎంట్రుకొకటియ్యి!"

"ఉన్న నాలుగూ నువ్వే పీకీ బావూ" అంది ఎర్రయ్య భార్య అప్పయమ్మ.

ఆ తెల్లవెంట్రుక సరిగ్గా రెండు థౌలు. ఎర్రయ్య కళ్లు పెద్దవయ్యాయి. "రెండా? నా సెయ్యి రోజూ ఇచ్చింది రెండా? దానికి అంకె ఉందని నాకు తెల్దురా! ఏదీ, ఇలాగియ్యి." దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ గీతలు లెక్కపెడుతూ కూర్చున్నారు. అప్పయమ్మ జడలో వెంట్రుక, చీపురుపుల్ల, దారం, దొరికిందల్లా మైక్రోమీటరు నోట్లో పెట్టి, ఎర్రయ్య అంకె పైకి చదివాడు. రెండుసార్లు తప్పాడు, మూడోసారి తప్పలేదు.

మర్నాడు అసలు రాడ్డు ఆ కొస నుంచి ఈ కొసకు సమంగా వచ్చింది. ఫోర్‌మన్ మూడుచోట్ల కొలిచి పాస్ చేశాడు. లేతు ఆదినారాయణకే మిగిలింది.

అంతటితో ఊరుకోలేదతను. అడిగి అనుమతి తెచ్చి, ఎర్రయ్యను వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. తాను ఏ నలుగురిలో నవ్వాడో ఆ నలుగురికీ బొట్టు చూపించి, "ఇది మొక్కు కాదు, బల్ల అరిగిన చోట మావ పెట్టిన గుర్తు. తెలీక నవ్వినాను" అన్నాడు.

ఐదో నంబరు లేతు రమణమూర్తి, ఎర్రయ్య పక్కనే పదిహేనేళ్లు పనిచేసినవాడు, నెమ్మదిగా దగ్గరకొచ్చాడు. "మావా, నా మిషనుకి బొట్టు ఎక్కడెట్టాలో సెప్తావా?"

ఎర్రయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ షెడ్డులో తనను ఎవరైనా ఒక మాట అడగాలని ముప్పై ఏళ్లు ఎదురుచూశాడు. తీరా అడిగినది తను ఎన్నడూ చెయ్యి పెట్టని మిషను గురించి.

"నాకు తెల్దు బావూ" అన్నాడు, కండువాతో మొహం తుడుచుకుని. ఆదినారాయణ వైపు చెయ్యి చాచాడు. "ఆ కొలిసేది ఇలాగియ్యి. సూద్దాం."