తాతయ్య చదివిన జవాబు

పరాయి రాష్ట్రంలోని ఉక్కు కార్ఖానా ఊళ్లో, కాసిడీహ్ అనే పేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నా, నా చిన్నప్పుడు మా తాతయ్య ఆదివారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో పేము కుర్చీలో కూర్చునేవారు. శ్రీకాకుళం వైపు మా భూములన్నీ పోయి అప్పటికి చాలా కాలమైంది. కార్ఖానాలో పనిచేసే తెలుగువాళ్లు ఇంగ్లీషు కాగితాలు తెచ్చి మెట్ల మీద నిలబడేవారు. తాతయ్య చదివి అర్థం చెప్పి, జవాబు రాసిపెట్టేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. మా వంశానికి మిగిలిన దర్బారు అదొక్కటే.

పక్కింటి అక్క బడిలో ఇంగ్లీషు చెప్పేది. సాయంత్రాలు నాకు ఉచ్చారణ నేర్పేది. కొన్ని మాటలను పేరుగా వాడితే ముందు భాగం, పనిగా వాడితే వెనక భాగం నొక్కి పలకాలనీ, దానితో అర్థం కూడా మారిపోతుందనీ చెప్పేది. ‘ఆబ్జెక్ట్’ అంటే వస్తువు, ‘అబ్జెక్ట్’ అంటే అభ్యంతరం చెప్పడం. నొక్కాల్సిన చోట నా అరచేతిలో వేలితో తట్టేది. ఆ విద్య నాకు తలకెక్కింది.

ఒక ఆదివారం, క్వార్టరు ఖాళీ చేయమన్న నోటీసుకు తాను రాసిన జవాబును తాతయ్య ఒక ముసలి కార్మికుడికి చదివి వినిపిస్తున్నారు. మెట్ల మీద పదిమంది ఉన్నారు. అక్క కూడా వచ్చి నిలబడింది. తాతయ్య ‘ఐ ఆబ్జెక్ట్’ అన్నారు. నేను పకపకా నవ్వి, “తప్పు తాతయ్యా, అలాగంటే వస్తువు” అన్నాను.

ముసలాయన వెంటనే, “మీరు సదవండి బాబూ, పిల్లకేటి తెలుసు” అన్నాడు. అక్క కాగితం మీదికి వంగి, ఆ వాక్యాన్ని అచ్చం తాతయ్య పలికినట్టే పైకి చదివి, చాలా బాగా రాశారంది. నాకు నేర్పిన మనిషే అలా పలకడం చూసి తెల్లబోయాను.

తాతయ్య నావైపు చూడలేదు. “అమ్మాయి సరిగ్గానే చెప్పింది” అన్నారు. కాగితం అక్క చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

అక్క నన్ను పక్కకు పిలిచి ఒక్క మాటే అడిగింది. “నీకు నేర్పింది ఇందుకేటి అమ్మీ?”

మరుసటి వారం కాగితాలతో తన గుమ్మానికి వచ్చినవాళ్లను అక్క మా ఇంటికే తిప్పి పంపింది. తాతయ్య తలుపు తీయలేదు. ఆయన పోయేదాకా ఆదివారాలు ఆ తలుపు మూసే ఉంది.

భూములు పోయినందుకు మావాళ్లు ఎవరెవరినో తిట్టుకునేవారు. ఆ తిట్లు వింటూనే పెరిగాను. వరండాలో పోయినదానికి మాత్రం తిట్టడానికి వేరే మనిషి దొరకలేదు. ఇప్పుడు నలుగురిలో ఎవరైనా ఒక మాటను తప్పుగా పలికితే దిద్దడానికి నోరు తెరవబోయి పళ్లు బిగపడతాను. చూసినవాళ్లు, మీకెంత మర్యాదండీ అంటారు.