బర్రెకు నచ్చని సెంటు

నాన్న పోయిన తర్వాత అమ్మ పూలు మానేసింది. ఎవరూ వద్దనలేదు. పెట్టుకొమ్మని కూడా ఎవరూ అనలేదు. అంతకుముందు ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మూర మల్లెపూలు కొనకుండా ఊరికి తిరిగొచ్చేది కాదు. ఇప్పుడు నా జడలో పూలు సర్దే వంకతో ముక్కు దగ్గరగా తెచ్చి, ఒక్క క్షణం ఎక్కువ ఆగేది. అది చూస్తే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చేది. నా బుద్ధే అంత.

ఆ కోపంలోనే ఒక సాయంత్రం కాలేజీ ఆఫీసు నుంచి వస్తూ, డిపో ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపులో సెంటు సీసా కొన్నాను. అరచేతిలో ఇమిడే సీసా, అట్టపెట్టె మీద తెల్లపూల బొమ్మ. ఇద్దరం బిర్యానీ తింటే అయ్యే ఖర్చు కంటే తక్కువే. ఇంత చవకది ఏం బాగుంటుందిలే అనుకుంటూనే బస్సులో నా చేతికి కొట్టుకుని చూశాను. మొదట గుప్పుమని స్పిరిట్ వాసన, దవాఖానలో సూది వేసే ముందు దూదితో రుద్దినప్పటిలా. ఊరు దగ్గరపడేసరికి అది పోయి విచ్చీ విచ్చని మల్లెమొగ్గలు, వాటి వెనకే లిల్లీపూల మత్తు. ఇంటికి నడిచి చెమట పట్టాక అవి కూడా పలచబడి, రాత్రి పెట్టుకున్న పూలు పొద్దున దిండు మీద వదిలే వాసన మిగిలింది. దానికే పడిపోయాను.

అమ్మ సీసా అందుకోలేదు. నలుగురూ ఏమంటారని భయపడింది. కనపడని పూలకు ఎవరేమంటారని వాదించి, చెయ్యి పట్టుకుని రెండు మణికట్ల మీదా కొట్టేశాను. విదిలించుకుంటుందనుకున్నాను. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. నా ఒంటి మీద కాస్త ఘాటుగా ఉన్న సెంటు ఆమె ఒంటి మీద మెత్తబడింది. పాలూ సబ్బూ మల్లెలూ కలిసిపోయి నా చిన్నప్పటి అమ్మ వాసన వచ్చింది. ఈసారి కోపం లేకుండానే ఏడుపొచ్చింది.

తప్పు అక్కడే చేశాను. అది పాలు పిండే వేళ. అమ్మ చెంబు పట్టుకుని వెళ్లి పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో, బర్రె బుస్సుమని పక్కకు జరిగింది. దూడను వదిలి చూసినా చేపలేదు, చుక్క పాలు దించలేదు. మూడోసారి తన్నితే చెంబు దొర్లిపోయింది. రోజూ పిండే చేతులనే అది గుర్తుపట్టలేదు.

అమ్మ ముఖం చిన్నబోయింది. "దానికి సుత తప్పని తెలిసింది," అంది మెల్లగా. తొట్టి దగ్గరకు పోయి పిడికెడు బూడిదతో చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆపబోతే వినలేదు.

సరిగ్గా అప్పుడే పక్కింటి అత్తమ్మ పాలక్యాను పట్టుకుని వచ్చింది. పాలకేంద్రానికి రోజూ ఇద్దరూ కలిసే పోతారు. ఆమె భర్త పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆమె చెవిన పడ్డ మాట పొద్దు గూకేలోగా ఊరంతా తిరిగొస్తుంది. పాలేవని అడిగింది. నేను ఏదో అబద్ధం వెతుక్కుంటుంటే, బిడ్డ సెంటు కొట్టిందనీ బర్రె చేపలేదనీ అమ్మే చెప్పేసింది.

అత్తమ్మ దగ్గరకొచ్చింది. అమ్మ తడిచేతిని పట్టుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. బూడిదకు కూడా లొంగలేదు ఆ సెంటు. ఒక్క మాట అంటే నాలుగు అనేద్దామని నేను సిద్ధంగా నిలబడ్డాను. ఆమె వెనక్కి పోయి వాకిలి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. క్యాను కింద పెట్టి నా ముందు చెయ్యి చాపింది.

"నాకు సుత జర కొట్టు," అంది.

నేను సీసా ఎత్తేలోగా అమ్మ ఆ చేతిని కిందికి దించింది.

"చేతికొద్దు వదినా. పొద్దుగాల నీ బర్రె సుత చేపదు. గీడ కొట్టు బిడ్డా," అంటూ ఆమె భుజం పట్టి తిప్పి, ముడి కింద, ఒకప్పుడు పూలు వేలాడే చోటు చూపించింది.

అత్తమ్మకు కొట్టడం అయ్యాక అమ్మ తానూ వెనక్కి తిరిగి, తల వంచి నిలబడింది.