నేను ఊదని విజిల్

కబడ్డీలో ఏడుపుకి చోటు లేదు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది, ఆట రూలే అంత. అవతలి కోర్టులోకి ఒంటరిగా వెళ్ళినవాడు గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూనే ఉండాలి. "కబడ్డీ కబడ్డీ" అన్న మాట తప్ప నోట్లోంచి "అమ్మా" అని వచ్చినా కూత పోయినట్టే, అతను అవుటే. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి ఈ సంగతి పిల్లలకి ఎంత సరదాగా చెప్పేవాణ్ణో. "ఒరేయ్, నొప్పేస్తే ఏడవండి, కాదనను. గీత దాటి వచ్చాక ఏడవండి" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇప్పుడా మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఏడుగురి మధ్యకి ఒక్కడు వెళ్తాడు కాబట్టి అతని ఒంటిని కాపాడటానికి కొన్ని రూల్సు పెట్టారు. జుట్టు పట్టుకోకూడదు, బట్టలు పట్టుకోకూడదు, నోరు నొక్కకూడదు. రెండు కాళ్ళ మధ్య అతని కాలు ఇరికించి కత్తెరలా బిగించకూడదు. ఈ ఆఖరిదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే మోకాలు ఒక వైపే వంగుతుంది, ఆ పట్టు దాన్ని పక్కకి వంచుతుంది. అలాంటి పట్టు కనిపించగానే అంపైరు విజిల్ ఊదాలి. ఊదితే ఆట అక్కడికక్కడే ఆగుతుంది. కూతకెళ్ళినవాడు అవుట్ కాడు, అప్పటిదాకా తాకినవాళ్ళ పాయింట్లూ ఎక్కడికీ పోవు. అంటే ఆ కోర్టులో అతనికి అండ అంపైరు ఒక్కడే.

రిటైరయ్యాక నిడదవోలులో ఉంటూ, చుట్టుపక్కల ఎక్కడ టోర్నమెంటు పెట్టినా అంపైరుగా వెళ్ళేవాణ్ణి. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ చింతపండులో గింజలు తియ్యమంటుందన్నది పైకి చెప్పే కారణం. నిజానికి నలుగురూ లేచి నిలబడి "రండి మాస్టారూ" అంటుంటే ఒంట్లో బలం వచ్చినట్టుండేది.

ఆ ఏడు వేసవి మొదట్లో కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో మూడు రోజుల టోర్నమెంటు పెట్టారు. కొబ్బరితోటలో నేల చదును చేసి, రాజమండ్రి నుంచి తెప్పించిన పచ్చ మ్యాట్ పరిచారు. మొదటి రోజు నేను నా అలవాటు ప్రకారం తప్పు కనిపించినప్పుడల్లా ఊదాను. జనానికి అది నచ్చలేదు. "ముసలాయన విజిల్ కొత్తగా కొన్నట్టున్నాడ్రోయ్" అని ఎవడో అరిచాడు, తోటంతా నవ్వింది. ఆ సాయంత్రం టోర్నమెంటు పెట్టిన పెద్దమనిషి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆ ఊళ్ళో బట్టల కొట్టు ఆయనది. చేతిలో పూతరేకుల పొట్లం పెట్టి, మర్యాద ఎక్కడా తగ్గకుండా చెప్పాడు.

"మాస్టారండీ, మీరు పెద్దవారు, మీకు చెప్పేటంతవాణ్ణి కాదు గానీ, విజిల్ కొంచెం తగ్గించండి. టీవీలో చూడండి, ఎలా మీదపడిపోతున్నారో. జనం ఆట చూడ్డానికొచ్చారు గానీ విజిల్ వినడానికి కాదు కదండీ."

అప్పుడే "కుదరదండి" అని ఉంటే సరిపోయేది. కానీ పూతరేకు నోట్లో పెట్టుకుని తలూపాను. రెండో రోజు చూసీ చూడనట్టు వదిలేశాను. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు వచ్చి "ఇదండీ అంపైరింగంటే" అన్నారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాటకి నాకు సంతోషమేసింది.

మూడో రోజు ఫైనల్. ఒక జట్టుకి కూతగాడు సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చినవాడు, చేపల వేటకెళ్ళే కుటుంబం. పాతికేళ్ళుంటాయి, సన్నటి మనిషి. మ్యాచికి ముందు కొబ్బరిచెట్టు కింద కూర్చుని కాలి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంటున్నాడు.

"మ్యాట్ మీద ఎప్పుడైనా ఆడావా అబ్బాయ్?" అన్నాను.

"ఇదే ఫస్టండి. మేం ఇసకలో ఆడతామండి."

"ఇసకలో అయితే కాలు జారి తప్పుకుంటుంది. మ్యాట్ అలా వదలదు, పట్టేసుకుంటుంది. కాలు జాగ్రత్త."

"జాగ్రత్తగానే ఉంటానండి. ఎల్లుండి వేటకెళ్ళాలండి. బోటు ఊగుతుంటే వల లాగాలంటే చేతులు కాదండి, కాళ్ళే కావాలి. కాళ్ళు నిలబడితేనే మా ఇల్లు నిలబడతాది" అని నవ్వాడు. అతని చీలమండలు చూశాను. తాళ్ళు పేనినట్టు ఉన్నాయి.

సాయంత్రం నాలుగున్నరకి ఆట ఆఖరికొచ్చింది. అతని జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. అతను కూతకెళ్ళాడు. ఒకణ్ణి భుజం మీద, ఇంకొకణ్ణి మోకాలి దగ్గర తాకాడు. రెండు పాయింట్లు, గీతకి తిరిగొస్తే గెలుపే. తిరుగుతుండగా మూలనున్నవాడు చీలమండ పట్టుకున్నాడు. అతను బోర్లా పడ్డాడు. మీద ఇద్దరు పడ్డారు. ఆ మూలవాడు చేతులు వదిలేసి, రెండు కాళ్ళ మధ్య అతని మోకాలు ఇరికించి మెలిపెట్టాడు.

నాకు కనిపించింది. నాలుగడుగుల దూరంలో, పట్టపగలు. విజిల్ నా పళ్ళ మధ్యే ఉంది. ఊదడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. అప్పుడు అతని కూత వినిపించింది. అంతవరకూ మామూలుగా ఉన్న కూత ఒక్కసారి ఖంగుమంది. అతను తల తిప్పి నా వైపే చూస్తూ ఇంకా గట్టిగా కూత పెట్టాడు. జనం లేచి ఈలలు వేస్తున్నారు. ఇంత బలంగా కూత పెడుతున్నవాడికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంత మంచి ఆటని నా విజిల్ తో పాడుచెయ్యడం ఎందుకనీ అనుకున్నాను. ఈ రెండో మాట ఎన్నాళ్ళో నాకు నేనే ఒప్పుకోలేదు. అతను మోచేతుల మీద ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి వేళ్ళతో గీత తాకాడు. నేను వేళ్ళెత్తి పాయింట్లిచ్చాను.

జట్టువాళ్ళు అతన్ని భుజాల మీదికెత్తుకుని తోటంతా తిప్పారు. కుడి పాదం ఏదో విడిగా తగిలించినట్టు వేలాడుతోంది. అప్పటికి కూత అక్కర్లేదు, అరవొచ్చు. కానీ అరిచే ఓపిక కూడా లేనట్టుంది. నా ముందుకు రాగానే నీరసంగా, "మాస్టారండీ, నా కాలు ఒకసారి చూడండి" అన్నాడు. చూశాను. మోకాలు ఉండాల్సిన చోట లేదు.

రాజమండ్రి తీసుకెళ్ళాం. లోపల నరాలు తెగాయన్నారు. రెండు ఆపరేషన్లు చేశారు. కాలు మిగిలింది. అయితే మోకాలు సగమే వంగుతుందని, పాదం పైకి లేవదని, బోటు మీద నిలబడే పని ఇక మరిచిపొమ్మని చెప్పారు. ఆ కూతని ఎవరో ఫోనులో వీడియో తీసి, వెనకాల సినిమా పాట పెట్టి తిప్పారు. మా మనవరాలు కూడా చూపించింది. "మగాడంటే ఇలా ఉండాలి" అని రాసుంది దాని మీద.

నేను ఇంట్లో ఒకటే మాట జపం చేశాను, "వాడు అరవలేదే! నొప్పుంటే అరిచేవాడుగా!" అని. మా ఆవిడ కొన్నాళ్ళు విని, ఒక రోజు వంటింట్లోంచే అంది, "అరిస్తే అవుటని పిల్లలకి చెప్పింది మీరే కదండీ." దాని తరవాత నేను ఆ మాట పైకి అనలేదు. లోపల మాత్రం అనుకుంటూనే ఉన్నాను. అంత బలమైన కూత విన్నవాడు ఎవడైనా నాలాగే మోసపోతాడని నా వాదన.

ఐదు నెలలకి వాళ్ళ ఊరు వెళ్ళాను. అరుగు మీద కాలు చాచుకుని చినిగిన వల బాగుచేస్తున్నాడు, ఎవరి వలో. నన్ను చూడగానే లేవబోయాడు. గుంజ పట్టుకుంటే గాని లేవలేకపోయాడు. "కూర్చో అబ్బాయ్, కూర్చో" అన్నాను. వాళ్ళావిడ చేపల తట్ట దించి, చేతులు కడుక్కుని నాకు టీ తెచ్చింది. నన్ను తిడతారేమోనని దారి పొడుగునా భయపడుతూనే వచ్చాను. ఆ ఇంట్లో నన్నెవరూ ఏమీ అనలేదు. ఏం మాట్లాడాలో తెలియక, తెలివితక్కువగా, మెచ్చుకోవడం మొదలుపెట్టాను.

"ఏం కూత పెట్టావబ్బాయ్ ఆ రోజు! ముప్పై ఏళ్ళలో అలాంటి కూత వినలేదు."

అతను వల పక్కన పెట్టాడు.

"అది మీ కోసమండి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మోకాలు మెలిపడగానే తెలిసిపోయిందండి, పోతందని. మీరు విజిల్ వేసేస్తే ఆగిపోద్ది కదాని మీ వైపు చూశానండి. నోట్లోంచి ఇంకో మాట వస్తే అవుటయిపోతాను. అందుకని అదే గట్టిగా పెట్టానండి, మీకు వినపడతదని. రెండుసార్లు పెట్టానండి."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. వేటలో గాలి ఎటు తిరిగిందో చెబుతున్నట్టు చెప్పాడు. నేను ధైర్యమనుకుని మురిసిపోయింది, ఆ మనిషి నన్ను పిలవడం. పిలవడానికి అతని దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

గ్లాసు కింద పెట్టాను. ఆ క్షణంలో నిజం చెప్పాల్సింది. "నాకు కనపడలేదబ్బాయ్. మీద ఇద్దరు పడ్డారు కదా, అడ్డొచ్చారు. నా చూపు కూడా మునుపటిలా లేదు" అన్నాను.

అతను వాళ్ళావిడ వైపు తిరిగాడు. ముఖం తేటపడింది.

"చూశావా, నేను చెప్పలా? మాస్టారికి కనపడుండదు, కనపడుంటే ఊదేవోరే అని" అన్నాడు. ఆవిడ నా వైపు కాసేపు చూసి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత నేను అంపైరుగా వెళ్ళలేదు. వాళ్ళ ఊరూ మళ్ళీ వెళ్ళలేదు. పండక్కో పబ్బానికో అతనే ఫోను చేస్తాడు, "బాగున్నారా మాస్టారూ, చూపెలా ఉందండి?" అని అడుగుతాడు. బాగానే ఉందంటాను.