విభూతి బుధవారం

పద్మనాభం తన కూతురు హంసికను కేథలిక్ స్కూల్లో వేసింది క్రమశిక్షణ కోసం. ఈ మాట ఆయన అడిగినవాళ్ళకూ చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు. షామ్‌బర్గ్‌లో వాళ్ళ ఇంటికి నాలుగడుగుల దూరంలో మంచి పబ్లిక్ స్కూలే ఉంది. కాని అక్కడ ఐదో తరగతి పిల్లలకు హోంవర్కు ఇవ్వరట, లెక్క తప్పు చేసినా 'గుడ్ ట్రై' అంటారట. తప్పును తప్పు అనని చోట పిల్లలు ఏమైపోతారోనని ఆయన బెంగ. కేథలిక్ స్కూల్లో యూనిఫాం ఉంది, షర్టు లోపలికి దోపుకోవడం ఉంది, లైన్లో నడవడం ఉంది. తెనాలి కాన్వెంటులో తాను చదువుకున్న రోజుల్లో ఇవన్నీ ఉండేవి. వాటివల్లే తాను ఇంతవాడినయ్యానని ఆయన నమ్మకం. ఇంతవాడంటే, ఒక ఇన్సూరెన్సు కంపెనీలో డేటాబేసులు చూసుకునే సీనియర్ అనలిస్టు.

ఆ కాన్వెంటులో పదేళ్ళపాటు రోజూ పొద్దున్నే చేతులు జోడించి 'పరలోకమందున్న మా తండ్రీ' అని అప్పజెప్పాడు పద్మనాభం. దానివల్ల ఆయనకేమీ కాలేదు. కూతురికి మాత్రం ఏదో అయిపోతోందని ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం ఆయనకు గట్టిగా తోచింది.

ఆ సాయంత్రం హంసిక నుదుటిమీద బూడిదతో ఇంటికొచ్చింది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత.

"ఏంటమ్మా ఇది?"

"యాష్, డాడీ. టుడే ఈజ్ యాష్ వెన్స్‌డే. ఫాదర్ అందరికీ పెట్టారు."

"అందరికీ పెడితే నువ్వెందుకు పెట్టించుకున్నావ్?"

"నేను లైన్లో ఉన్నా."

లైన్లో నడవడం నేర్పించడానికే ఆ స్కూల్లో వేసిన తండ్రికి ఈ జవాబు మింగుడుపడలేదు. ఆయన భార్య ఉష అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. ఆస్పత్రిలో ఫిజికల్ థెరపిస్టు ఆవిడ. రోజంతా ముసలివాళ్ళ మోకాళ్ళు వంచి వచ్చిన మనిషి కనక ఇంట్లో ఎవరినీ వంచే ప్రయత్నం చెయ్యదు.

"మీ నాన్నగారు రోజూ మూడు గీతలు పెట్టుకునేవారుగా," అంది. "పిల్లకి రెండేగా."

"అది వేరు, ఇది వేరు."

"బూడిద బూడిదేనండీ. హంసీ, మొహం కడుక్కుని అన్నానికి రా."

అన్నాలయ్యాక పద్మనాభం స్కూలువాళ్ళు ఆగస్టులో పంపిన నియమాల పుస్తకం కంప్యూటర్లో తెరిచాడు. నలభైరెండు పేజీలు. మొదటిసారి చదవడం. ఏ మతం పిల్లలైనా సరే, ప్రతి బుధవారం చర్చిలో జరిగే మాస్‌కి, అంటే ముప్పావుగంట ప్రార్థనకి, హాజరు కావలసిందేనని తొమ్మిదో పేజీలో రాసుంది. వారానికి నాలుగు రోజులు రెలిజన్ క్లాసు కూడా ఉంటుందని పదో పేజీలో ఉంది. చివర 'చదివి అంగీకరించాను' అన్న చోట ఆయన సంతకమే ఉంది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. డిసెంబరులో హంసికకు ఒక సబ్జెక్టులో ఏ ప్లస్ వస్తే, అది ఏ సబ్జెక్టో చూడకుండా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇరవైమూడు మంది దీవించారు. అది రెలిజనే.

పద్మనాభం అన్యాయాన్ని సహించే మనిషి కాదు. తాను సంతకం పెట్టిన అన్యాయాన్ని అసలే సహించడు. రెండు రోజులు కూర్చుని ప్రిన్సిపాల్‌కి రెండు పేజీల ఉత్తరం తయారుచేశాడు. అన్ని సంస్కృతులనూ గౌరవించాలనీ, మాస్‌ని ఇష్టమున్నవాళ్ళకు వదిలేయాలనీ, ఆ ముప్పావుగంట మిగతా పిల్లలకు అడ్వాన్స్‌డ్ మాథ్ చెప్పాలనీ దాని సారాంశం. సంస్కృతి గురించి ఒక పేరా, మాథ్ గురించి ఐదు పేరాలు. ఇక సంతకాలు కావాలి.

మొదటి సంతకం సులువుగా దొరికింది. హంసిక క్లాసులోనే చదివే ఒక పిల్లాడి తండ్రి మార్క్ డోలన్. ఏడు తరాల కేథలిక్. పిల్లల కోసం కార్లు బారులు తీరే చోట ఉత్తరం చదివి, ఆయన పద్మనాభం కన్నా ఎక్కువ ఆవేశపడ్డాడు. "నేను ఎనిమిదేళ్ళు సిస్టర్ల దగ్గర చదివాను. నా వంతూ మా వాడి వంతూ కలిపి అప్పుడే మోకరించేశాను," అన్నాడు. కొడుక్కి బాప్తిస్మం ఇప్పించింది తన తల్లి కోసమట. ఈ స్కూల్లో వేసింది బాస్కెట్‌బాల్ జట్టు కోసమట. దేవుడి కోసం ఏం చేశాడో ఆయన చెప్పలేదు, పద్మనాభం అడగలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

రెండో సంతకానికి పద్మనాభం స్కూలు డైరెక్టరీ తిరగేశాడు. ఇన్నారెడ్డి అన్న పేరు కనపడగానే ప్రాణం లేచొచ్చింది. గుంటూరు వైపు మనిషై ఉంటాడు, మనవాడే. మర్నాడు పార్కింగులో పట్టుకున్నాడు. ఇన్నారెడ్డి భారీ మనిషి, నెమ్మదస్తుడు. ట్రక్కులు ఏ రోజు ఏ ఊరు వెళ్ళాలో చూసే ఉద్యోగం. మంచులో నిలబడి పది నిమిషాలు ఓపిగ్గా విన్నాడు.

"మన పిల్లల్ని మనమే కాపాడుకోవాలండీ," అని ముగించాడు పద్మనాభం.

"ఎవర్నించండీ?"

"వీళ్ళ నుంచే. మెల్లమెల్లగా కన్వర్ట్ చేసేస్తారు."

"మమ్మల్నింక చెయ్యలేరండీ," అన్నాడు ఇన్నారెడ్డి. "మా ముత్తాతనే చేసేశారు. మాది ఫిరంగిపురం."

పద్మనాభం సారీ అనబోయి, సారీ అంటే ఇంకా అధ్వాన్నంగా ఉంటుందని ఆగిపోయాడు. ఇన్నారెడ్డే అందుకున్నాడు.

"నాకూ కంప్లైంట్లు ఉన్నాయిలెండి. జపమాల నెలకోసారి చెప్పిస్తే సరిపోద్దా? మొన్న విభూతి బుధవారం నాడు మధ్యాహ్నం పిల్లలకి చికెన్ నగెట్లు పెట్టారు. ఉపవాసం రోజున చికెనేంటండీ?"

"విభూతి బుధవారం అంటారా మీరు?"

"మరేమంటామండీ? చర్చిని గుడంటాం, మాస్‌ని పూజంటాం, ఈస్టరు దాకా ఉండే ఈ నలభై రోజుల్నీ తపస్సు కాలం అంటాం. ఊళ్ళో అందరూ అనే మాటలేగా. కొత్త మాటలు పుట్టించే తీరిక మావాళ్ళకి లేకపోయింది." కారు తలుపు తీస్తూ ఆగి, "సంతకం పెడతానండీ," అన్నాడు. "వారానికి ఒక పూజ చాలదు, రెండు కావాలి అని మార్చి రాయండి."

చివరికి ఉత్తరంలో మూడు సంతకాలున్నాయి. పద్మనాభంది, డోలన్‌ది, ఉషది. ఉష సంతకం కూడా పద్మనాభమే పెట్టాడు.

ప్రిన్సిపాల్ మిసెస్ కోవాల్‌స్కీ ముప్పై ఏళ్ళుగా తల్లిదండ్రులను చూస్తున్న మనిషి. పద్మనాభాన్నీ డోలన్‌నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఉత్తరం మొత్తం చదివి బల్లమీద పెట్టి, పక్కన ఇంకో ఉత్తరం పెట్టింది.

"ఇదీ ఈ వారమే వచ్చింది. మాస్ రెండుసార్లు పెట్టమని పదకొండు మంది రాశారు," అంది. "ప్రతి కుటుంబానికీ ఒక్కో స్కూలు కావాలి. నా దగ్గర ఒక్కటే ఉంది."

డోలన్ గొంతు పెంచాడు. తాను ఏడు తరాల కేథలిక్‌ననీ, తన కొడుకు చర్చికి వెళ్ళక్కర్లేదని చెప్పే హక్కు తనకు అందువల్లే వచ్చిందనీ వాదించాడు. ఆవిడ అడ్డు చెప్పకుండా విని, పద్మనాభం వైపు తిరిగింది.

"హంసిక ఏమంటోంది?"

పద్మనాభం బిత్తరపోయాడు. రెండు పేజీలు రాసినప్పుడు గాని, సంతకాల కోసం తిరిగినప్పుడు గాని ఆ ప్రశ్న ఆయనకు రాలేదు. "తనకి పదేళ్ళండీ," అన్నాడు.

"అడిగి చూడండి. తనకి ఇబ్బందిగా ఉందంటే ఫాదర్‌తో మాట్లాడతాను. ఆ టైములో లైబ్రరీలో కూర్చోవచ్చు."

ఆ సాయంత్రం హంసికను డాన్స్ క్లాసుకు తీసుకెళుతూ కారులో అడిగాడు. సోమవారం మాథ్, మంగళవారం కూచిపూడి, గురువారం స్పెల్లింగ్, శనివారం చెస్, ఆదివారం గుళ్ళో శ్లోకాల క్లాసు. అన్నిటికీ కారు తనే నడుపుతాడు కనక కూతురితో మాట్లాడే సమయం ఆయనకు బోలెడుంది. ఆ సమయంలో ఇంతవరకు వెనకటి క్లాసు గురించో రాబోయే క్లాసు గురించో మాట్లాడాడు.

"వెన్స్‌డే మాస్ నీకు ఇబ్బందిగా ఉందా అమ్మా? మానిపించేస్తా."

"నో. నాకు ఇష్టం."

"ఎందుకు? దేవుడు మన టెంపుల్‌లో కూడా ఉన్నాడుగా. సండే సండే వెళ్తున్నావుగా."

"అక్కడ జడ్జెస్ ఉంటారు, డాడీ."

ఆ మాట నిజమే. శ్లోకాల పోటీల్లో ముగ్గురు జడ్జీలుంటారు, ఉచ్చారణకు ఇన్ని మార్కులు, ధారణకు ఇన్ని మార్కులు. కిందటేడు ఆయనే వెళ్ళి అరమార్కు గురించి ఒక జడ్జీతో తగువు పెట్టుకున్నాడు.

"చర్చిలో ఊరికే కూర్చోవచ్చు," అంది హంసిక. "సాంగ్ రాంగ్‌గా పాడినా ఎవరూ చూడరు. నాకెంత వచ్చింది అని ఎవరూ అడగరు."

"అక్కడ ప్రే చేస్తావా?"

"సమ్‌టైమ్స్. సమ్‌టైమ్స్ విండోస్ చూస్తా. బ్లూ గ్లాస్ ఉంటుంది. సమ్‌టైమ్స్ గణేశాతో మాట్లాడతా." తండ్రి వైపు చూసి అడిగింది. "ఇట్స్ ఓకే, రైట్?"

"ఓకే," అన్నాడు పద్మనాభం. సిగ్నల్ పచ్చబడి ఎంతసేపయిందో, వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు.

మర్నాడు బుధవారం ఆయనే స్వయంగా చర్చికి వెళ్ళాడు. కూతురి మాట నమ్మక కాదు, విషయాన్ని పూర్తిగా పరిశీలించడానికట. ఆఫీసులో మేనేజర్‌కి డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉందని చెప్పాడు. ఆఖరి వరసలో కూర్చున్నాడు. నాలుగో నిమిషంలో ఫోను తీశాడు, పక్కనున్న ముసలావిడ చూస్తే లోపల పెట్టాడు. పదో నిమిషంలో కాలు ఊపడం మొదలుపెట్టాడు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, చేసినదానికి ఎవరూ మెచ్చుకోలేదు. నలభై ఆరేళ్ళ జీవితంలో ఇంత పొడుగాటి ముప్పావుగంట ఆయన చూడలేదు.

ముందు నుంచి మూడో వరసలో హంసిక ఉంది. తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి నీలం అద్దాల వైపు చూస్తోంది. నాలుగేళ్ళప్పుడు కార్పెట్ మీద పడుకుని సీలింగు ఫ్యాను చూసేది, అప్పటి మొహం అది. ఆ మొహం ఎప్పుడు పోయిందో, దాని చోట ఇంకోటి ఎప్పుడొచ్చిందో పద్మనాభానికి తెలియదు. చివర్లో ఫాదర్ ఇచ్చే ప్రసాదం కోసం పిల్లలంతా లేచి లైనుగా ముందుకు నడిచారు. కేథలిక్కులు కాని పిల్లలు చేతులు గుండెమీద అడ్డంగా పెట్టుకుని వెళితే ఫాదర్ తలమీద చెయ్యి వేసి పంపేస్తున్నాడు. హంసిక కూడా అలాగే వెళ్ళి, వచ్చి కూర్చుంది. పద్మనాభం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చర్చిలో వేడి ఎక్కువ పెట్టారని తరవాత ఉషతో అన్నాడు.

బయట ఇన్నారెడ్డి కనపడ్డాడు. "ఎలా ఉందండీ?"

"కూర్చోవడం కష్టంగా ఉందండీ."

"మా అమ్మకి డెబ్బై ఏళ్ళుగా కష్టంగానే ఉంది," అన్నాడు ఇన్నారెడ్డి. "మానలేదు."

పద్మనాభం ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నాడు. స్కూలువాళ్ళతో మాట్లాడి సమస్యను సామరస్యంగా పరిష్కరించానని వాట్సాప్ గ్రూపులో పెడితే మళ్ళీ ఇరవైమూడు మంది దీవించారు. తన సంతకం సంగతి తెలిశాక ఉష రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడిందిగాని, ఆ మాటలకన్నా మౌనమే నయమనిపించింది ఆయనకు. శ్లోకాల క్లాసులో హంసిక పేరు పోటీల జాబితాలోంచి తీయించాడు, ఆ తరవాత నెల్లాళ్ళు సరిగా నిద్రపోలేదు. డోలన్ జూన్‌లో కొడుకును పబ్లిక్ స్కూలుకి మార్చాడు. అక్కడ క్రమశిక్షణ లేదని సెప్టెంబరులోనే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాడట.

పద్మనాభం ఆ వసంతకాలంలో ఇంకో నాలుగు బుధవారాలు వెళ్ళాడు. ఐదోసారికి కాలు ఊపకుండా ఇరవై నిమిషాలు కూర్చోగలిగాడు. ప్రతిసారీ ఆఫీసులో డెంటిస్టనే చెప్పాడు. మేనేజర్ మంచివాడు, నిజంగానే కంగారుపడ్డాడు. ఒక నోటికి ఇన్ని అపాయింట్‌మెంట్లు మామూలు కాదనీ, తన బావమరిది నేపర్‌విల్‌లో చిగుళ్ళ స్పెషలిస్టనీ, మొహమాటపడకుండా వెళ్ళి చూపించుకోమనీ ఫోన్ నంబరు పంపాడు.