దారం కట్టిన కుండ

కుక్కరు నాలుగో కూత వేసేసరికి వంటింట్లోంచి ముందు గదిదాకా ఉలవల వాసన పాకింది. తడి మట్టిలాంటి, కొంచెం మాడినట్టుండే ఆ వాసన వస్తే చాలు, ఎంత అలసిపోయి ఉన్నా కాసేపు స్టౌ దగ్గరే నిలబడిపోతాను. పని నుంచి వచ్చి కాళ్లు లాగుతున్నా, వనపర్తిలో ఈ అద్దె ఇంటి వంటగది కిటికీ సరిగా మూసుకోక చలిగాలి వీపుకు కొడుతున్నా కదలబుద్ధి కాదు. కార్తీకం చివరికొచ్చింది. మా గద్వాల ఇంట్లో అయితే ఈపాటికి పెరట్లో పొయ్యి రాజేసి ఉండేవాళ్లు.

మాది మగ్గం ఇల్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు, మా వీధిలో ఇంటింటా ఇంకా మగ్గం ఆడుతూనే ఉండేది. చలికాలం మొదలైతే మగ్గం గుంటలోంచి చెమ్మ పైకొచ్చేది. పొద్దంతా అందులో కాళ్లు పెట్టుకుని కూర్చునే నాయన, సాయంత్రం లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుని మెల్లగా, ఒక్కో కాలే పైకి తీసేవాడు. ఆ కాళ్లకు మందు ఉలవకట్టేనని మా అవ్వ నమ్మకం. అవ్వంటే నాయన తల్లి. మేనమామ ఇటిక్యాల నుంచి బస్సులో తెచ్చిచ్చిన ఉలవలను చేటలో పోసుకుని, చాటంత ఎండ ఎక్కడ పడితే అక్కడ కూర్చుని, రాళ్లేరి, రాత్రికి నానబోసి, తెల్లవారకముందే కుండకెత్తేది. సన్నని సెగ మీద అవి గంటలకొద్దీ ఉడికి, నీళ్లు ఎర్రగా చిక్కబడ్డాక వంచుకుని, చింతపులుసు పోసి, దంచిన ఎల్లిపాయ, ఎండుమిరప, జీలకర్ర, కరివేపాకుతో తాలింపు పెడితే, వీధి మలుపులో ఉన్నవాళ్లు కూడా ‘ఇయ్యాల మీ ఇంట్ల కట్టు కదా’ అని అడిగేవాళ్లు. జొన్నరొట్టె విరిచి అందులో వేసుకుని, ముక్కు కారుతుంటే ఎగబీలుస్తూ తినేవాళ్లం.

ఆ పొయ్యి మీదే, కట్టు కుండ పక్కన, ఇంకో కుండ ఉండేది. అది పడుగుకు పట్టించే గంజి. మగ్గానికెక్కే నిలువు దారాలను వీధి పొడవునా సాగదీసి, ఎండ ముదరకముందే కుంచెతో గంజి రాస్తే దారానికి బిగువొస్తుంది. నేతలో తెగదు. ఆ రోజుల్లో వీధిలో నడవాలంటే పడుగు కింద నుంచి వంగి పోవాలి, మాకదే ఆట. పొరపాటున తల తగిలిందా, నాయన నుంచి ఒక్క అరుపు వచ్చేది.

ఒక పొద్దున నది వైపు నుంచి మంచు దట్టంగా దిగింది. కరెంటు లేదు. నాయన వీధిలోంచి ‘అమ్మా, గంజి పంపు’ అని కేకేస్తే అవ్వ ఒక కుండ దించి మా అమ్మ చేతికిచ్చింది, అమ్మ చూసుకోకుండానే తీసుకెళ్లి ఇచ్చేసింది. నాయన కుంచె ముంచి రాసుకుంటూ పోయాడు. ఉలవల వాసన వచ్చింది గానీ, పెరట్లోంచి వస్తోందనుకున్నాడట. మంచు పలచబడి వెలుతురు వచ్చేసరికి తెల్లటి పడుగు సగం దాకా ఎర్రమట్టి రంగులో ఉంది. అమ్మ తల పట్టుకుంది. బిందెలకొద్దీ నీళ్లు పోసి కడిగారు. రంగు పలచబడిందే కానీ పోలేదు. ఆ పూట పనంతా అట్లా మట్టిలో కలిసింది.

నాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇంట్లోకి వస్తుంటే నేను తలుపు చాటుకు పోయాను. లోపల అవ్వ, ఏమీ తెలియక, కంచాలు పెట్టి పిలుస్తోంది. గిన్నెలో పోసింది చూస్తే తెల్లటి గంజి. దాని మీద ఎల్లిపాయలూ కరివేపాకూ తేలుతున్నాయి. నేను నోరు తెరవబోతే నాయన కళ్లతోనే ఆపాడు. గిన్నె ఎత్తి, గడగడా తాగి, మూతి తుడుచుకున్నాడు.

“మంచిగున్నదమ్మా. జర ఇంకింత పొయ్యి.”

అవ్వ పోసింది. తర్వాత తనూ రొట్టె ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

“పడిశంతోని ముక్కు మూసుకపోయింది రా,” అంది. “కండ్లయితే ఎన్నడో మసకబారినయ్. వాసనతోనే నెట్టుకొస్తున్న. చెప్తే పొయ్యికాడికి రానియ్యరని చెప్పలే.”

అమ్మకు జాలేసింది. “గిట్లయితే ఎట్ల అత్తమ్మా, రేపటిసంది నేను చేస్త. నువ్వు మంచిగ కూసో” అంది. ఆ మాటకు అవ్వ ముఖం చిన్నబోవడం నాకిప్పటికీ గుర్తే. వయసులో పొద్దంతా రాట్నం ముందు కూర్చుని, కంటితో చూడకుండానే తెగిన దారం అతికిన మనిషి ఆమె. దారాన్ని కండెలకు చుట్టే పని అప్పటికే ఆమె చేతిలోంచి పోయింది. ఇక మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే.

నాయన మగ్గం దగ్గరికెళ్లి నాలుగు పోగులు పేనుకొచ్చి, కట్టు కుండ మెడకు బిగించి కట్టాడు. అవ్వ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు.

“దారమున్నది కట్టు, లేనిది గంజి. నీ చేతి ఏళ్లకు తెల్వని దారమా?”

అవ్వ తలొంచుకుని ఆ ముడిని వేళ్లతో చాలాసేపు తడుముతూనే ఉంది. తర్వాతెప్పుడో ఆమె కళ్లు దవాఖానలో చూపిస్తే లాభం లేదన్నారు. అయినా ఆమె ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో కట్టు ఆమె చేతిదే. దారం మసిబారినప్పుడల్లా నాయన కొత్తది కట్టేవాడు. రంగంటిన పడుగునేమో ముదురు రంగులో ముంచి నేసేశాడు.

అవ్వ పోయింది, నాయనా పోయాడు. మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచారు. వీధిలో పడుగు సాగదీసేవాళ్లు లేరు, వంగి నడిచే పనీ లేదు. ఉలవకట్టు కూడా సీసాల్లో అమ్ముతున్నారు. నేనే మొండిగా ఇంకా ఉలవలు నానబోస్తాను. ఓపిక లేక, కుండ బదులు కుక్కరు.

నాకు కళ్లు బాగానే ఉన్నాయి, ముక్కూ పనిచేస్తోంది. అయినా నిన్న పరధ్యానంలో కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మొదటి ముద్దకే మా ఆయన కంచం పక్కకు జరిపాడు, పిల్లలు ముఖాలు చిట్లించారు. వాళ్లదేం తప్పు లేదు, నిజంగానే నోట్లో పెట్టుకునేలా లేదు. కానీ గిన్నెలు కడుగుతూ నాయన కోసం ఏడ్చాను. మంచిగున్నదని చెప్పి ఇంకింత పోయించుకునే మనిషి ఇప్పుడు నాకు లేడు.