లేని నియోజకవర్గానికి ప్రదక్షిణ

మా నాన్నగారు ఒక ఎన్నికలప్పుడు, తన అభ్యర్థి గెలిస్తే తెనాలి పార్లమెంటు నియోజకవర్గం చుట్టూ కాలినడకన ప్రదక్షిణ చేస్తానని స్వామికి మొక్కుకున్నారు. కొబ్బరికాయతో పోయే పని! అభ్యర్థి గెలిచాడు. నాన్నగారు ఎండలు తగ్గాక అన్నారు, వానలు వెలిశాక అన్నారు. ఈలోగా పునర్విభజన వచ్చి నియోజకవర్గమే లేకుండా పోయింది. తెనాలి, మంగళగిరి గుంటూరులో కలిశాయి. వేమూరు, రేపల్లె బాపట్లకు పోయాయి. మొక్కు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మేం బెజవాడలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. పోయిన నెల గవర్నర్‌పేట ఆసుపత్రిలో ఆయన మోకాలి ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. కాగితం మీద సంతకం పెట్టమంటే కలానికి మూత పెట్టేశారు.

"మొక్కు తీరకుండా బల్ల ఎక్కనమ్మా. మత్తులో అటే పోతే స్వామికి ఏం చెప్పను?"

"నియోజకవర్గం రద్దయిందని చెప్పండి," అంది అమ్మ వంటింట్లోంచి. "ఆయనా పేపరు చూసే ఉంటాడు."

"నువ్వూరుకోవే."

నడవడానికి మోకాలు బాగుపడాలి. మోకాలు బాగుపడాలంటే ముందు నడవాలట!

నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు జబ్బు మనిషినని నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. నా భూగోళమంతా ఆ నియోజకవర్గమే: తూర్పున కృష్ణ, దక్షిణాన సముద్రం, పడమర ఆయనకు నచ్చని పార్టీవాళ్ళు. పూజ నేర్పిందీ ఆయనే. గుడి చుట్టూ తిరిగే వీలు లేకపోతే నిలుచున్నచోటే మూడుసార్లు తిరిగి ఆత్మప్రదక్షిణ చేస్తాం కదా. నేను ఆ దారి పట్టాను.

"నాన్నగారూ, స్వామి పటం ముందు మీ నియోజకవర్గాన్ని ముగ్గుతో గీస్తాను. దాని చుట్టూ తిరగండి."

"పాత హద్దులే గియ్యి. కొత్తవి నేనొప్పుకోను."

హాల్లో ముగ్గు వేశాను. వాకర్ పట్టుకుని బయల్దేరారు. మంగళగిరి దాటి కృష్ణ ఒడ్డునే బాగా దిగారు. రేపల్లె కింద, సముద్రం ఉండాల్సిన చోట సోఫా అడ్డొచ్చింది. లాగబోయేలోగా వాకర్ కాలు ముగ్గులో పడింది.

"లోపలికొచ్చేశారు. అది ప్రదక్షిణ కాదు, ప్రచారం," అంది అమ్మ. "మళ్ళీ మొదట్నుంచీ కానివ్వండి."

నాన్నగారు నవ్వాపుకోలేక వాకర్ మీదకు వాలిపోయారు. అయినా వెనక్కి వెళ్ళి మంగళగిరి నుంచే మొదలుపెట్టారు. ఈసారి సోఫా జరిపి సముద్రానికి చోటిచ్చాం. మూడో చుట్టు అయ్యేసరికి చెమటతో తడిసిపోయారు. స్వామికి దండం పెట్టి, "కలం ఇవ్వమ్మా," అన్నారు.

పునర్విభజన చేసినవాళ్ళెవరో నాకు తెలియదు. ఆ రోజు దీపం దగ్గర వాళ్ళ పేరున కూడా ఒక పువ్వు పెట్టాను. ఆ నియోజకవర్గం ఇంకా బతికే ఉంటే, హాల్లో సరిపెట్టుకోవడానికి నాన్నగారు చచ్చినా ఒప్పుకునేవారు కాదు.