తాడు మీద కూర్చున్న మనిషి

మా పెద్దబాపు పోయాడు. ఇచ్ఛాపూర్‌లో తన గది ముందు అరుగు మీద కూర్చుని, పొద్దుటి చాయ్ సగం తాగి, మిగతా సగం అట్లాగే వదిలేసి పోయాడు. ఫోన్ వచ్చినప్పుడు నేను సూరత్ ఇంకో దిక్కున పర్వత్ పాటియాలో సాంచాల మీద ఉన్నాను. ఆ మరమగ్గాల మోతలో మొదటిసారి వినపడలేదు. రెండోసారి మా బాపు ఆ మాటనే గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది. సొంత అన్న చావును అరిచి చెప్పాల్సిన గతి పట్టిన తమ్ముణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది, దాచను. పెద్దకర్మ నాడు ఆయన పాత కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఒక దండ వచ్చింది. దానికి కట్టిన పట్టీ మీద గుజరాతీలో "ఎన్నడూ మాట జవదాటని సేవకుడికి" అని రాసి ఉంది. పచ్చి అబద్ధం. ఆయన మాట జవదాటాడు. జవదాటాడు కాబట్టే నేనివాళ రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఎవరో ఒకరు కాగితం మీద పెట్టకపోతే రేపటికి ఆ పట్టీయే నిజమై కూర్చుంటుంది.

సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి సాంచాలు నడిపే ఇల్లు మాది. ఇంటిల్లిపాదీ మగ్గాల దగ్గరుంటే మా బాపుకు అన్న అయిన ఈయనొక్కడే సముద్రం పట్టాడు. తాపీ నది సముద్రంలో కలిసేచోట ఇసుక, బురద మేటలు వేసి ఉంటాయి. బొగ్గు తెచ్చే బార్జీలు, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు ఓడలు, ఒక్కోసారి దారి తప్పి వాటి మీదికెక్కి కూర్చుంటాయి. వాటిని మళ్లీ నీళ్ల మీదికి తెచ్చే గుంపుకు ఈయన మేస్త్రి. మావాళ్లకు ఆ పని ఏమిటో అర్థమయ్యేది కాదు. ఏం చేస్తావంటే "ఓడలు లేపుత" అనేవాడు. ఓడ ఏమన్న పండుకుంటదా లేపనీకె అని పెళ్లిళ్లలో చుట్టాలు నవ్వేవాళ్లు. పండుకుంటది, నీ లెక్కనే తిని పండుకుంటది అని ఈయన తిప్పికొట్టేవాడు.

ఆయన దగ్గర ఒక సీసపు గుండు ఉండేది. జానెడు పొడుగు, పైన తాడు, కింద చిన్న గుంట. ఆ గుంటలో సబ్బు మెదిపి కూరి నీళ్లలోకి వదిలేవాడు. అడుగున ఏముంటే అది సబ్బుకు అంటుకుని పైకొచ్చేది. బురదైతే పట్టు వదలదు, నీళ్ల పైపుతో కోసి గాలి ఆడనివ్వాలి. ఇసుకైతే తవ్వచ్చు. గవ్వపెంకో రాతిపొడో అంటితే మాత్రం ఆయన ముఖం మారిపోయేది, ఎందుకంటే రాతి మీద ఓడను లాగితే దాని పొట్ట చీరుకుపోతుంది. సబ్బు మా పెద్దమ్మది. బట్టల సబ్బు తెచ్చిన రెండో రోజుకే సగం మాయమయ్యేది. "లోకమంత సబ్బు బట్టలకు పెడ్తది, ఈన సముద్రానికి పెడ్తడు" అని ఆమె వాడంతా వినేట్టు తిట్టేది. చివరికి కొత్త సబ్బు విప్పగానే తనే ఒక ముక్క విరిచి కిటికీలో పెట్టడం అలవాటు చేసుకుంది. మిగతాదాని మీద చెయ్యి పడకుండా అదొక సుంకం.

సేఠ్‌తో కొట్లాడి నేను సాంచాల నుంచి బయటపడ్డ ఏడాది, పెద్దబాపు గుంపులో పంపు మీద పనికి కుదిరాను. అప్పటికే నా సంచినిండా కరపత్రాలు, స్టేషన్ ముందర ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకాలు. అన్నం తినేటప్పుడు అందరికీ చదివి వినిపించేవాణ్ణి. ఆలస్యమంటేనే ద్రోహం అని ఒకదాంట్లో ఉండేది, అది నాకు కంఠతా వచ్చు. పెద్దబాపు మోకాలి మీద గడ్డం ఆనించి శ్రద్ధగా వినేవాడు. మంచిగనే రాసిండు గని ఆయనకు నీళ్ల సంగతి తెల్వదు అనేవాడు. నాకు కోపమొచ్చేది. లోకాన్ని మార్చే మాటకు నీళ్లతో పనేమిటి?

ఆ ఏడాది ఒక పున్నమి మరునాడు, పోటు నిండుగా ఉన్న గడియలో, బొగ్గు బార్జి ఒకటి మేట ఎక్కింది. ఇంతకన్నా చెడ్డ ముహూర్తం లేదు. ఆనాటి నుంచి పోటు రోజురోజుకూ తగ్గుతుంది. మళ్లీ అంత నీరు రావాలంటే అమావాస్య దాకా ఆగాలి.

బార్జి ఎక్కగానే పెద్దబాపు చెప్పులు విప్పాడు. ఇరుక్కున్న ఓడ మీద ఆయన ఎప్పుడూ చెప్పులు వేసుకోలేదు. గుండు వదిలి చుట్టూ అడుగు చూశాడు. ఆ తర్వాత నన్ను పిలిచి, పంపు తిప్పి పెట్టు, సముద్రపు నీళ్లు బార్జి తొట్లలోకి నింపు అన్నాడు.

నేను తప్పు విన్నాననుకున్నాను. తేలాల్సిన దాన్ని ఇంకా బరువు చేస్తారా?

"ముందుగాల కూసోవెట్టాలె, తర్వాత లేపాలె," అన్నాడు. తేలికగా వదిలేస్తే ప్రతి చిన్న పోటూ, ప్రతి అలా దాన్ని ఇంకాస్త పైకి తోస్తుందట. బరువుతో కదలకుండా కూర్చోబెట్టి, లోతు నీళ్ల దిక్కు లంగర్లు వేసి, బొగ్గును చిన్న పడవల్లోకి దించి, కింద బురద కోసి, పెద్ద పోటు నాడు ఆ నీళ్లు తోడేసి అప్పుడు లాగాలట. అంటే పదిహేను రోజులు.

ఆ ఆదివారం పర్వత్ పాటియాలో సాంచాల కార్మికుల మీటింగు ఉంది, మొదటిసారి నేను మాట్లాడబోతున్నాను. దాని సంగతి బయటికి అనలేదు. అందరి ముందూ అన్నది వేరే.

"నువ్వు భయపడ్తున్నవ్ పెద్దబాపు. ఆగుడంటే లొంగుడే."

ఆయన నన్ను పక్కకు జరిపి, పంపు తనే తిప్పి పెట్టుకున్నాడు.

మరునాడు సాబ్ పడవలో వచ్చాడు. కాంట్రాక్టరు మనిషి. నీళ్లు నింపడం చూసి మండిపడ్డాడు. ఓడలను లాగే టగ్గును పిలిపించాను, ఇవాళ్టి పోటుకే లాగేయాలి, తాడు తగిలించండి అని హిందీలో హుకుం వేశాడు. ఉక్కు తాడు బార్జి ముందుభాగంలో చుట్ట చుట్టి ఉంది. పనివాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను చూసుకోలేదు. తాడు కొస పట్టింది మొదట నేనే. ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తున్నాను. సాబ్ మాటకు అందరికన్నా ముందు లేచింది, సంచినిండా కరపత్రాలు మోసే నేను.

కొస టగ్గుకు చేరింది. తాడు డెక్కు మీద నిడుపుగా పరుచుకుంది. పెద్దబాపు నింపాదిగా దాని పొడుగునా నడిచి, ఒకచోట ఆగి, తాడు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మూట విప్పాడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తొక్కు.

లే అన్నాడు సాబ్. పెద్దబాపు ఉల్లిగడ్డను పిడికిలితో కొట్టి పగలగొట్టాడు. పోలీసులను పిలుస్తానన్నాడు సాబ్. ఇంత లోతు నీళ్లలకు ఆళ్లు వస్తే ఆళ్లను గూడ మేమే లేపాలె అని పెద్దబాపు తెలుగులో గొణిగాడు, మావాళ్లు నోళ్లు మూసుకుని నవ్వారు. అప్పుడు తలెత్తి, తన వచ్చీరాని హిందీలో, గొంతు పెంచకుండా అన్నాడు:

"ఖీంచో సాబ్. పహలే హమ్‌కో ఖీంచో."

ముందు నన్ను లాగు. టగ్గు డ్రైవరు ఆయన లేవకపోవడం చూసి ఇంజను తగ్గించాడు. తాడు మీద మనిషి ఉండగా లాగే గుండె ఆయనకు లేదు. రొట్టె అయిపోయింది, నీళ్లు తాగాడు, సున్నం రాసి తంబాకు నలిపాడు. ఈలోగా పోటు తిరిగి నీరు వెనక్కి మళ్లింది. టగ్గు వెళ్లిపోయింది. దాని వెనకే, నీ సంగతి చూస్తానంటూ సాబ్ కూడా.

అప్పుడు నన్ను పిలిచాడు. గుడ్డపేలిక ఒకటి ఇచ్చి, తను కూర్చున్న చోట తాడు వెంబడి గుంజమన్నాడు. పేలిక జానెడు కూడా జరగలేదు, చిక్కుకుని చిరిగింది. పైకి నూనె మెరుపే, లోపలి తీగలు తుప్పు పట్టి ముళ్లలా తెగి ఉన్నాయి.

"నేను ఊకెనే ఏడ పడితె ఆడ కూసున్ననా బిడ్డా?" అన్నాడు. "గిది తెగితె పాము లెక్క ఎనుకకు కొడ్తది. జర నువ్వేడ నిలవడ్డవో చూసుకో."

ఇందాకటిదాకా నేను నిలబడ్డ చోటు చూసుకున్నాను. సరిగ్గా దాని వరసలో, మోకాళ్ల ఎత్తున అది ఎగిరొచ్చే దారిలో ఉంది.

"లొంగుడంటె ఆగుడు కాదు. సాబ్‌కు జల్దీ ఉన్నదని మనం జల్దీ చేసుడు, గదీ లొంగుడు."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. ఉండాలి.

ఆ ఆదివారం నేను మీటింగుకు పోలేదు. మిగిలిన ఆ రోజులన్నీ బొగ్గు దించాం. నీరు తీసిన వేళల్లో మోకాళ్ల లోతు బురదలో దిగి పైపులతో కోశాం, బార్జి వెనక భాగం కిందికి రబ్బరు గాలిసంచులు దూర్చాం. అమావాస్య మరునాడు, మధ్యాహ్నం తిరిగాక పోటు పొంగింది. తొట్లు తోడేశాం, సంచుల్లోకి గాలి కొట్టాం. పెద్దబాపు కొత్త తాడు తెప్పించి, దాని వరసలో ఒక్క మనిషి లేకుండా అందరినీ పక్కకు పంపి, తాను బార్జి నడుమ ఒట్టి కాళ్లతో నిలబడ్డాడు. మేమంతా బార్జి పక్కన గీసిన నీటిమట్టం గుర్తులు చూస్తున్నాం. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎవరికీ ఏమీ తెలియకముందే, లేసింది అన్నాడు. ఓడ లేచేది ముందు పాదాలకు తెలుస్తుందట. గుంజుడు ఆఖరి పని అని ఆయన ఎప్పుడూ అనేవాడు. ఆనాడు ఆ ఆఖరి పనికి పావుగంట కూడా పట్టలేదు.

బార్జి తేలింది, ఆయన పని పోయింది. హుకుం వినలేదు, తప్పయింది, క్షమించండి అని రాసిన కాగితం మీద సంతకం పెడితే మళ్లీ తీసుకుంటామని కబురు పంపారు. ఆయన నాతో చదివించుకుని విన్నాడు. "ఇనలే అన్నది నిజం. తప్పయింది అన్నది అబద్దం. సగం నిజం మీద సంతకం ఎట్ల పెట్టాలె?" అని కాగితం మడిచి వాళ్ల మనిషి జేబులోనే పెట్టాడు. ఆ తర్వాత చివరిదాకా ఇచ్ఛాపూర్‌లో ఒక షెడ్డులో చిరిగిన గాలిసంచులకు అతుకులు వేస్తూ బతికాడు. ఒక్కనాడూ ఏడవలేదు, ఒక్కనాడూ అటు పోలేదు.

అందుకే ఆ దండ చూసేసరికి నా రక్తం ఉడికింది. తెచ్చినవాడి మీదికి పోబోయాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, ముందు అందుల ఏం రాసిన్రో చదువు అంది. చదివి తెలుగులో చెప్పాను. ఆమె రెండోసారి చెప్పించుకుంది. లేచి, ఫొటో మీది దండ తీసి, పట్టీ నలగకుండా సర్ది, తెచ్చినవాడి చేతుల్లో పెట్టింది.

"ఈన ఎవలో వేరే ఆయన, బిడ్డా. అడ్రస్ తప్పొచ్చినవ్."

ఆ మాట హిందీలోకి మార్చి చెప్పింది నేనే.

చుట్టాలంతా వెళ్లిపోయాక, మైలబట్టల కుప్ప ముందేసుకుని పెద్దమ్మ కొత్త సబ్బు విప్పింది. చెయ్యి దానంతటదే ఒక ముక్క విరిచి కిటికీలో పెట్టింది. పెట్టాక ఆగిపోయింది. నేను తీయబోతే వద్దంది.

"ఉండనియ్యి. అడుగు చూసేటోడు ఇంకోడు రాకుంటడా?"

కిటికీలో సీసపు గుండు పక్కన ఆ ముక్క ఇంకా అట్లాగే ఉంది. గుండు గుంటలోని పాత సబ్బు ఎండి పగిలింది. దాంట్లో బూడిదరంగు బురద, ఒక చిన్న గవ్వపెంకు.